యాసిడ్‌లో బతికే బూజులు, వాటితో నడిచే పరిశ్రమలు

ఉల్లిపాయ పొట్టు తీస్తుంటే ఒక్కోసారి పొరల మధ్య నల్లటి పొడి కనిపిస్తుంది. నిల్వ ఉంచినచోట వేడి, తేమ రెండూ ఉంటే ఇంకా ఎక్కువ. పై పొరలు రెండు తీసేసి, కడిగి, కూరలో వేసేస్తాం. ఆ పొడి ఎక్కువగా ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే బూజు జాతి బీజాలే. ఇప్పుడు కూల్‌డ్రింక్ సీసా మీదో, జామ్ డబ్బా మీదో చిన్న అక్షరాలు చూడండి. ఐఎన్ఎస్ 330 అని ఉంటుంది. అది సిట్రిక్ యాసిడ్. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అని అడిగితే ఇచ్చేదీ అదే. ప్రపంచంలో ఏటా 20 లక్షల టన్నులకు పైగా తయారయ్యే ఈ సరుకులో అత్యధిక భాగం ఆ ఉల్లిపాయ బూజు జాతి చేసిపెడుతున్నదే. నిమ్మకాయలకు అందులో చెప్పుకోదగ్గ వాటా లేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్‌లో లీటరు నీటికి 2.9 గ్రాముల లెక్కన ఉండే ట్రైసోడియం సిట్రేట్‌కీ, రక్తం గడ్డకట్టకుండా బ్లడ్ బ్యాంకు సంచిలో ముందే పోసి ఉంచే సిట్రేట్‌కీ మూలం ఇదే.

నల్ల బూజు అనగానే చాలామందికి 2021 వేసవి గుర్తొస్తుంది. కోవిడ్ రెండో దశలో బ్లాక్ ఫంగస్ కేసులు, యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం పరుగులు, ఆ టెన్షన్ మరిచిపోయేది కాదు. కానీ ఆ జబ్బు తెచ్చినవి మ్యూకరేలీస్ అనే వేరే వర్గం శిలీంధ్రాలు. నిజానికి వాటి రంగు కూడా నలుపు కాదు. రక్తం అందక చచ్చిపోయిన కణజాలం నల్లబడటం వల్ల వచ్చిన పేరది. తడిసిన గోడల మీద పెరిగే స్టాకీబోట్రిస్ అనే మరో నల్ల బూజు ఉంది. సిట్రిక్ యాసిడ్ అంటే బ్లాక్ మోల్డ్ విషమని తిరిగే మెసేజీలు ఈ పేర్లన్నిటినీ ఒకే గాటన కడతాయి. ఆస్పర్‌జిల్లస్ నైజర్ జాతిలోనూ ఆక్రాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసే రకాలు కొన్ని ఉన్న మాట నిజమే. అందుకే పరిశ్రమలో వాడే రకాలను ముందే పరీక్షించి ఎంచుకుంటారు. పైగా అమ్మేది బూజును కాదు, దాన్ని వడకట్టి పారేశాక మిగిలిన ద్రవాన్ని శుద్ధిచేసి తీసిన స్ఫటికాలను.

యాసిడ్‌లో బతికే బూజుల గురించి చదివినప్పుడల్లా ఒక పద్ధతి కనిపిస్తుంది. ముందు గనుల్లో, అగ్నిపర్వతాల దగ్గర దొరికిన రికార్డు వీరుల గురించి చెబుతారు. తర్వాత పరిశ్రమల్లో ఉపయోగాల జాబితా వస్తుంది. రెండో భాగంలోని పనులన్నీ మొదటి భాగంలోని జీవులే చేస్తున్నట్టు అనిపిస్తుంది. అలా కాదు. రికార్డులున్న బూజులు వేరు, డబ్బు సంపాదిస్తున్నవి వేరు. పరిశ్రమకు కావాల్సింది యాసిడ్‌ను ఎంత లోతుకు తట్టుకుంటుందన్నది కాదు. యాసిడ్‌లో ఉంటూ ఎంత పని చేస్తుందన్నదే.

ఎంత పులుపు?

ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ స్కేలును 1909లో కోపెన్‌హేగన్‌లో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. ఆయన పనిచేసింది కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ స్థాపించిన ప్రయోగశాలలో. అంటే ఈ కొలత పుట్టుకలోనే పులియబెట్టడం ఉంది. మంచినీళ్లు 7 దగ్గర ఉంటాయి. ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం 10 రెట్లు పెరుగుతుంది. 7 నుంచి 2కి వచ్చామంటే పెరిగింది లక్ష రెట్లు. నిమ్మరసం 2కి కాస్త పైన, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే యాసిడ్ 1కి బాగా కింద ఉంటాయి. ఆమ్లం మరీ చిక్కనైతే అంకె సున్నా దాటి మైనస్‌లోకి కూడా పోతుంది.

1943లో అమెరికాలో రాబర్ట్ స్టార్కీ, సెల్మన్ వాక్స్‌మన్ ఒక వింత విషయం ప్రచురించారు. ఈ వాక్స్‌మన్ తర్వాత స్ట్రెప్టోమైసిన్‌కు 1952లో నోబెల్ అందుకున్నాయనే. వాళ్లకు దొరికిన రెండు బూజులు చిక్కటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, అందులోనూ 4 శాతం కాపర్ సల్ఫేట్ కలిపిన ద్రావణంలో పెరుగుతున్నాయి. కాపర్ సల్ఫేట్ అంటే మన మైలుతుత్తం. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తోటలకు కొట్టేది బూజు తెగుళ్లను చంపడానికే. సాధారణంగా వాడే ఆ మిశ్రమంలో మైలుతుత్తం 1 శాతమే ఉంటుంది. ఆ మందుకు నాలుగింతలు, దానిపైన యాసిడ్, రెండిటి మధ్య హాయిగా పెరిగే బూజును చూస్తే ఏ రైతుకైనా గుండె జారుతుంది. అదృష్టం కొద్దీ వాటికి మన పొలాలు నచ్చవు.

ఆ తర్వాత ఇలాంటివి ఇంకొన్ని దొరికాయి. లిగ్నైట్ బొగ్గు నుంచి వేరుచేసిన హోర్టియా అసిడోఫిలా అనే నల్ల ఈస్ట్ (ఈస్ట్ కూడా శిలీంధ్రమే) పీహెచ్ 0.6 దగ్గర కూడా పెరుగుతుందని 2004లో వెల్లడైంది. కాలిఫోర్నియాలో ఐరన్ మౌంటెన్ అనే పాత గని ఉంది. అక్కడి రిచ్‌మండ్ సొరంగంలో పీహెచ్ మైనస్ 3.6 ఉన్న నీటిని కొలిచారు. ప్రకృతిలో నమోదైన అతి ఘాటు నీళ్లలో అదొకటి. అదే సొరంగంలో పీహెచ్ 1 దగ్గర తేలే జిగురు పొరల్లో దొరికిన బూజుకు గని పేరే పెట్టారు, అసిడోమైసిస్ రిచ్‌మండెన్సిస్ అని. ఈ రెండు సంగతులనూ కలిపేసి బూజు మైనస్ 3.6లో బతుకుతోందని రాసేవాళ్లున్నారు, అది తప్పు. స్పెయిన్‌లో రియో టింటో అనే నది దాదాపు 100 కిలోమీటర్ల పొడవునా ఎర్రగా, సగటున పీహెచ్ 2.3తో పారుతుంది. ఆ ఎరుపు నీళ్లలో కరిగిన ఇనుముది. అక్కడ కూడా శిలీంధ్రాలు రకరకాలుగా ఉన్నాయి. అంగారకుడి మీద 2004లో ఆపర్చునిటీ రోవర్ చూసిన జారోసైట్ అనే ఖనిజం ఈ నది ఒడ్డునా ఏర్పడుతుంది కాబట్టి అంతరిక్ష శాస్త్రవేత్తలకు కూడా ఆ నది మీద ఆసక్తి ఎక్కువ.

మరో చిక్కుముడి ఇక్కడే విప్పుకోవాలి. ఆమ్లంలో కనిపించిన ప్రతి బూజూ ఆమ్లాన్ని ఇష్టపడుతున్నట్టు కాదు. అసిడోమైసిస్ అసిడోఫిలస్ లాంటివి కొన్ని నిజంగానే ఆమ్లప్రియులు. అవి బాగా పెరిగేది పులుపులోనే. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టే సంఖ్యలోనే ఉన్నాయి. మిగతావన్నీ ఓర్చుకునేవి. వాటికి మెత్తటి వాతావరణమే ఇష్టం, అయినా పులుపులో కూడా బండి లాగించగలవు. ఆస్పర్‌జిల్లస్ నైజర్ ఈ రెండో రకం. పీహెచ్ 1.4 నుంచి 9.8 దాకా ఎక్కడైనా పెరగగలదు. యాసిడ్ ఒక్కటే కొలమానమైతే దాని పేరు రికార్డుల్లో రాదు. ఆ మాటకొస్తే మొదటి బహుమతి శిలీంధ్రాలకే రాదు. జపాన్‌లోని హొక్కైడోలో దొరికిన పిక్రోఫిలస్ అనే సూక్ష్మజీవి పీహెచ్ (ఇది ఆర్కియా, అంటే బ్యాక్టీరియాలా కనిపించే వేరే వర్గం) సున్నా దగ్గర కూడా పెరుగుతుంది.

లోపలికి రానివ్వకపోవడమే కిటుకు

బయట ఎంత యాసిడ్ ఉన్నా ఈ బూజుల కణం లోపల మాత్రం పీహెచ్ 6 నుంచి 7 మధ్యే ఉంటుంది. డీఎన్ఏ, ప్రొటీన్లు, జీవక్రియలు నడిపే ఎంజైములు, అన్నీ అక్కడే పనిచేయగలవు. అంటే బయట పీహెచ్ 1, 2 దగ్గర ఉంటే లోపలికీ బయటికీ హైడ్రోజన్ అయాన్ల తేడా దాదాపు లక్ష రెట్లు. ఆ అయాన్లు అదను దొరికితే చాలు లోపలికి చొరబడాలని చూస్తుంటాయి. కణం పైపొరలో ఉండే ప్రోటాన్ పంపులు ఏటీపీ అనే కణశక్తిని ఖర్చుపెట్టి వాటిని ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తుంటాయి. ఈ పంపు మామూలు ఈస్ట్‌లో కూడా ఉంటుంది. కణం సంపాదించే శక్తిలో పెద్ద వాటా దానికే పోతుంది. పీహెచ్ తగ్గేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, పెరుగుదలకు మిగిలేది తగ్గుతుంది. గనుల్లోని బూజులు నిదానంగా పెరగడానికి ఇదీ ఒక కారణం. అక్కడ తిండి కూడా అంతంతమాత్రమే.

పంపుతో పాటు గోడ కూడా ముఖ్యమే. రికార్డు వీరుల్లో చాలావరకు నల్లగా ఉంటాయి. ఆ నలుపు మెలనిన్‌ది. కణం గోడలో పేరుకుని రాగి లాంటి లోహాలను పట్టి ఆపుతుంది.

ఇక బయటికి వదిలే ఎంజైముల సంగతి వేరు. కణం లోపల ఉండేవాటికి రక్షణ ఉంది, బయటికి వెళ్లినవి నేరుగా యాసిడ్‌లోనే పనిచేయాలి. మామూలు ప్రొటీన్ అక్కడ ముడి విడిపోయి పాడవుతుంది. ఈ బూజుల ఎంజైములు అలా పాడవకుండా తయారయ్యాయి. పరిశ్రమకు అన్నిటికంటే పనికొచ్చిన గుణం ఇదే. దీని దగ్గరకు మళ్లీ వస్తాను.

యాసిడ్ ఏదైతేనేం, పీహెచ్ ఒకటే కదా అనుకోవద్దు. సల్ఫ్యూరిక్ ఆమ్లం నీళ్లలో పడగానే విడిపోయి అయాన్లవుతుంది. అయాన్లు కణం పొరను అంత సులభంగా దాటలేవు. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం అలా కాదు. పీహెచ్ 4.76 కంటే కిందికి వస్తే అందులో సగానికి పైగా విడిపోకుండానే ఉంటుంది. ఆ రూపంలో పొరను దాటి లోపలికి దూరి, లోపల విడిపోయి పీహెచ్‌ను దించేస్తుంది. అందుకే ఒకే పీహెచ్ దగ్గర సల్ఫ్యూరిక్ ఆమ్లం కంటే వెనిగరే సూక్ష్మజీవులను ఎక్కువ బాధపెడుతుంది. ఆవకాయ విషయంలోనూ పులుపు ఒక్కటే కాపలా కాదు. పులుపుకు, ఉప్పుకు చాలా బ్యాక్టీరియా ఆగిపోతుంది గానీ బూజు అంత తేలిగ్గా ఆగదు. దానికి గాలి కావాలి. పైన నూనె తేలితే గాలి అందదు. ముక్క నూనెలోంచి బయటికి వచ్చిన చోటే బూజు పడుతుంది.

బ్రూక్లిన్‌లో చక్కెర నీళ్లు

సిట్రిక్ ఆమ్లాన్ని 1784లో నిమ్మరసం నుంచి వేరుచేసింది కార్ల్ షీలే. 19వ శతాబ్దమంతా, 20వ శతాబ్దం మొదట్లోనూ నిమ్మరసమే ముడిసరుకు. ఇటలీ తోటల నుంచి కాల్షియం సిట్రేట్ రూపంలో ఓడల్లో వెళ్లేది, ధర కూడా ఇటలీ చేతుల్లోనే ఉండేది. బూజులు చక్కెర నుంచి ఈ ఆమ్లాన్ని చేయగలవని 1893లో జర్మనీకి చెందిన కార్ల్ వెమర్ కనిపెట్టాడు. దాన్ని పరిశ్రమగా మార్చడానికి జరిగిన ప్రయత్నం మాత్రం విఫలమైంది. ముఖ్యమైన కారణం కల్తీ. చక్కెర నీళ్లు తెరిచిపెడితే కావాల్సిన బూజు కంటే ముందు అక్కర్లేని బ్యాక్టీరియా వచ్చి చేరుతుంది.

చిక్కు విడగొట్టింది జేమ్స్ కరీ. అమెరికా వ్యవసాయ శాఖలో రసాయన శాస్త్రవేత్త. 1917లో ఆయన ప్రచురించిన పరిశోధనలో కీలకం ఒక్కటే: చక్కెర ద్రావణాన్ని ముందే పీహెచ్ 2.5 నుంచి 3.5 దాకా పుల్లగా చేస్తే ఆస్పర్‌జిల్లస్ నైజర్ బాగా పెరుగుతుంది, సిట్రిక్ ఆమ్లం దండిగా ఇస్తుంది. మిగతా సూక్ష్మజీవుల్లో చాలావాటికి ఆ పులుపులో అడుగుపెట్టే దారే ఉండదు. ఫైజర్ కంపెనీ అప్పుడు ఇటలీ సిట్రేట్ కొని సిట్రిక్ ఆమ్లం తయారుచేసేది, మొదటి ప్రపంచ యుద్ధంతో సరఫరా చిక్కుల్లో పడింది. కరీని పిలిచి ఉద్యోగమిచ్చారు. 1919కల్లా బ్రూక్లిన్‌లో లోతు తక్కువ పళ్లేల్లో చక్కెర ద్రావణం పోసి, దానిమీద చాపలా బూజును పెంచుతూ సిట్రిక్ ఆమ్లం తీయడం మొదలైంది.

దీనికో కొసరు కథ ఉంది. బూజును పళ్లేల్లో కాకుండా లోతైన ట్యాంకుల్లో, గాలి ఊదుతూ, కలుపుతూ పెంచడం ఫైజర్‌వాళ్లు ఇలాంటి ఆమ్లాల తయారీలో నేర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి పెన్సిలిన్ బూజు ప్రపంచమంతటా సీసాల్లో, పళ్లేల్లో కొద్దికొద్దిగా పెరుగుతోంది. అదే ట్యాంకు పద్ధతిని దానికి వాడి, బ్రూక్లిన్‌లో ఒక పాత ఐస్ ఫ్యాక్టరీని మార్చి, 1944 మార్చి 1న 14 ట్యాంకులతో మొదలుపెట్టారు. ఒక్కోటి 7,500 గ్యాలన్లది. నార్మండీ తీరంలో దిగిన సైనికుల దగ్గరున్న పెన్సిలిన్‌లో ఎక్కువ భాగం అక్కడిదే. కూల్‌డ్రింకుల పులుపు కోసం నేర్చుకున్న పని యుద్ధంలో ప్రాణాలు నిలబెట్టింది.

ఇప్పటి ట్యాంకు లోపల ఏం జరుగుతుందో కాస్త దగ్గర్నుంచి చూడాలి, ఎందుకంటే యాసిడ్ చేసే అసలు ఉపకారం అక్కడే తెలుస్తుంది. చక్కెర కర్మాగారాల నుంచి వచ్చే మొలాసిస్ గానీ, మొక్కజొన్న పిండి నుంచి తీసిన గ్లూకోజు గానీ ముడిసరుకు. లీటరుకు 140 నుంచి 220 గ్రాముల చక్కెర ఉంటుంది. మొలాసిస్‌లో ఇనుము, మాంగనీసు ఎక్కువ కాబట్టి పొటాషియం ఫెర్రోసయనైడ్ వేసి వాటిని అడుగుకు దించేస్తారు. మాంగనీసు విషయంలో ఈ బూజు పట్టింపు మామూలుది కాదు. లీటరులో కొన్ని మైక్రోగ్రాములు ఎక్కువైనా దిగుబడి పడిపోతుంది. ట్యాంకు ఉక్కులోంచి ఊడొచ్చే లోహం కూడా లెక్కలోకి వస్తుంది. మాంగనీసు లేనప్పుడు బూజు పొడవాటి పోగులుగా సాగకుండా, పొట్టిగా ఉబ్బి, సన్న రవ్వలాంటి ఉండలుగా చుట్టుకుంటుంది. ఆపరేటర్ శాంపిల్ తీసి మైక్రోస్కోపు కింద పెట్టి మొదట చూసేది ఆ ఉండలనే. అవి విచ్చుకుని పోగులవుతున్నాయంటే ఆ బ్యాచ్ పని అయిపోయినట్టే.

మొలాసిస్ పద్ధతిలో పీహెచ్ 6 దగ్గర మొదలుపెడతారు, బీజాలు మొలకెత్తడానికి అదే అనువు. బూజు అమ్మోనియం లవణాలను తింటూ హైడ్రోజన్ అయాన్లను బయటికి వదులుతుంది. పీహెచ్ దిగుతూ 3 లోపుకు వచ్చేస్తుంది. ఇప్పుడు యాసిడ్ పని మొదలవుతుంది. ఈ బూజుకు సిట్రిక్ ఒక్కటే కాదు, ఆక్సాలిక్, గ్లూకోనిక్ ఆమ్లాలు చేసే అలవాటు కూడా ఉంది. గ్లూకోనిక్ ఆమ్లాన్ని చేసే గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైము కణం బయట ఉంటుంది, తక్కువ పీహెచ్ దగ్గర అది పనిచేయదు. ఆక్సాలిక్ ఆమ్లం చేసే ఎంజైమును తక్కువ పీహెచ్ దగ్గర బూజు అసలు తయారుచేయదు. దారులన్నీ మూసుకుపోయి చక్కెర సిట్రిక్ ఆమ్లం వైపే పారుతుంది. అదే ట్యాంకును పీహెచ్ 6 దగ్గర పట్టి ఉంచితే అదే బూజు, అదే చక్కెర నుంచి గ్లూకోనిక్ ఆమ్లం ఇస్తుంది. అలా తీసే ఫ్యాక్టరీలూ ఉన్నాయి. అంటే కరీ పోసిన పులుపు కల్తీని ఆపడమే కాదు, బూజు ఏం చేయాలో కూడా తేల్చింది. ఆ రెండో సంగతి వెనకున్న లెక్క కరీ కాలానికి ఎవరికీ తెలియదు.

ఇంతచేసీ ఒక బలహీనత ఉంది. గాలి కొద్దిసేపు ఆగినా చాలు, బూజు చావదు గానీ సిట్రిక్ ఆమ్లం చేయడం మానేస్తుంది, మళ్లీ గాలి ఇచ్చినా దారికి రాదు. కరెంటు పోతే జనరేటర్ అందుకునేలోగా బ్యాచ్ చేజారినట్టే. కోతలు అలవాటైనవాళ్లకు ఈ పరిశ్రమలో నిద్ర పట్టని విషయం ఏదో వేరే చెప్పక్కర్లేదు.

వారం, పది రోజుల్లో బ్యాచ్ పూర్తవుతుంది. బూజును వడకట్టి, సున్నం కలిపితే కాల్షియం సిట్రేట్ దిగుతుంది. దానిమీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే సిట్రిక్ ఆమ్లం విడిపోయి జిప్సం మిగులుతుంది. రసాయన లెక్క ప్రకారం టన్ను సిట్రిక్ ఆమ్లానికి టన్నుంపావు దాటి జిప్సం పోగవుతుంది. ప్రపంచ ఉత్పత్తిలో పెద్ద వాటా చైనాది.

కోడి మేతలో ఫంగస్ ఎంజైము

తెలుగువాళ్లకు నేరుగా తగిలే ఉపయోగం కోళ్ల ఫారాల్లో ఉంది. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది, తెలంగాణ కూడా ముందు వరుసలోనే. మేత అంటే ప్రధానంగా మొక్కజొన్న, సోయా చెక్క. వాటిలో భాస్వరం లేక కాదు, ఉన్నదాంట్లో మూడింట రెండొంతులు ఫైటేట్ అనే రూపంలో బిగిసిపోయి ఉంటుంది. కోడికి దాన్ని విడగొట్టే శక్తి చాలా తక్కువ. కాబట్టి తిన్న భాస్వరం రెట్టలో పోతుంది, ఎముకకు, పెంకుకు కావాల్సినది డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) రూపంలో విడిగా కొని కలపాలి. ఆ డీసీపీకి మూలం గనుల్లోంచి తవ్వే రాక్ ఫాస్ఫేట్. రెట్టలో పోయిన భాస్వరం చెరువుల్లోకి చేరి నాచు పెంచుతుంది.

ఫైటేట్‌ను విడగొట్టే ఎంజైము ఫైటేజ్. మొదటి వాణిజ్య ఫైటేజ్ నాటుఫాస్ పేరుతో 1991లో యూరప్ మార్కెట్లోకి వచ్చింది. అది ఆస్పర్‌జిల్లస్ నైజర్ ఎంజైమే. దానికో విచిత్ర గుణం ఉంది. మామూలుగా ఒక ఎంజైము ఏదో ఒక పీహెచ్ దగ్గర బాగా పనిచేస్తుంది. దీనికి అలాంటి శిఖరాలు రెండు, 5.5 దగ్గర ఒకటి, 2.5 దగ్గర ఒకటి. కోడి గొంతు కింద మేత నిలిచే సంచిలో పీహెచ్ 5 ప్రాంతంలో ఉంటుంది. అక్కడి నుంచి జీర్ణాశయానికి, కందనకాయకు వెళ్లేసరికి 2, 3కి పడిపోతుంది. రెండుచోట్లా ఈ ఎంజైము పనిచేస్తుంది. బూజు ఆమ్లపు నేలల్లో రాలిన ఆకులు, గింజల మీద బతకడానికి తయారుచేసుకున్నది కోడి కడుపుకు అతికినట్టు సరిపోయింది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న ఫైటేజుల్లో చాలావాటి జన్యువు ఈ బూజుది కాదు, బ్యాక్టీరియాది. దాన్ని తయారుచేసే పని మాత్రం ఎక్కువగా ఈస్ట్‌ల మీద, బూజుల మీదే పడింది.

ఇలాంటి ఎంజైములు ఇంకా ఉన్నాయి గానీ అన్నిటినీ ఏకరువు పెట్టడం అనవసరం. నూకలు, మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీసే ప్లాంట్లలో పిండిని గ్లూకోజుగా మార్చే గ్లూకోఅమైలేజ్ ఆస్పర్‌జిల్లస్‌దే, పీహెచ్ 4 నుంచి 4.5 దగ్గర పనిచేస్తుంది. దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ బదులు చీజ్ తయారీలో వాడే ఎంజైములు కూడా ఎక్కువగా బూజులు చేసిపెట్టేవే.

సున్నం ఖర్చు

యాసిడ్‌ను తట్టుకోవడం వల్ల డబ్బు ఎక్కడ మిగులుతుందో లాక్టిక్ ఆమ్లం కథలో తేటగా కనిపిస్తుంది. పెరుగును పులియబెట్టే లాక్టోబాసిల్లస్ లాంటి బ్యాక్టీరియాలే దాన్నీ చేస్తాయి. కానీ తాము చేసిన ఆమ్లానికి తామే తట్టుకోలేవు. పీహెచ్ 5 లోపుకు దిగేకొద్దీ నీరసిస్తాయి. అందుకని ట్యాంకులో సున్నం వేస్తూ ఉండాలి. చివరికి చేతికొచ్చేది ఆమ్లం కాదు, కాల్షియం లాక్టేట్. దాన్ని మళ్లీ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో విడగొట్టాలి. టన్ను లాక్టిక్ ఆమ్లానికి దాదాపు టన్ను జిప్సం. ఫ్యాక్టరీ అమ్మే సరుకెంతో పారబోసే సరుకంతే.

ఈస్ట్ అయితే పీహెచ్ 3 దగ్గర కూడా పనిచేయగలదు. లాక్టిక్ ఆమ్లంలో సగం విడిపోకుండా ఉండేది పీహెచ్ 3.86 దగ్గర, దానికంటే కిందికి పోతే ఎక్కువ భాగం నేరుగా ఆమ్లం రూపంలోనే దొరుకుతుంది. కార్గిల్ సంస్థ ఈ ఆలోచనతోనే ఆమ్లాన్ని ఓర్చుకునే ఈస్ట్‌లకు లాక్టిక్ ఆమ్లం చేసే జన్యువును చేర్చింది. మొక్కజొన్న ప్లాస్టిక్ అని పిలిచే పీఎల్ఏ తయారీకి మూలం ఈ ఆమ్లమే.

అయితే పీహెచ్ గెలిచినంత మాత్రాన వ్యాపారం గెలవదు. సక్సినిక్ ఆమ్లం మీద ఇదే పద్ధతిలో ఆశలు పెట్టుకున్నారు. రెవెర్డియా అనే సంస్థ 2012లో ఇటలీలో ఏడాదికి 10,000 టన్నుల ప్లాంటు తెరిచింది. బయోఆంబర్ అనే మరో సంస్థ 2015లో కెనడాలోని సార్నియాలో 30,000 టన్నులది తెరిచింది. రెండూ తక్కువ పీహెచ్ ఈస్ట్‌లతోనే. పెట్రోలియం నుంచి తీసే పోటీ సరుకు ధర చమురుతో పాటు పడిపోయింది, కొనేవాళ్లు అనుకున్నంతగా రాలేదు. బయోఆంబర్ 2018లో దివాలా తీసింది. ఈస్ట్ తన పని తాను చేసింది, తప్పిన లెక్కలు వేరేవాళ్లవి.

లోహాలు: బూజుకు వచ్చిన అనవసరపు పేరు

గనుల్లో సూక్ష్మజీవులతో రాగి తీస్తున్నారన్నది నిజం. చిలీలో పెద్ద ఎత్తునే జరుగుతుంది. కానీ ఆ పని చేసేది బ్యాక్టీరియా, ఆర్కియా. ఇనుమును, గంధకాన్ని ఆక్సీకరించి శక్తి తెచ్చుకునే అసిడిథయోబాసిల్లస్ లాంటివి సల్ఫైడ్ ఖనిజాన్ని కరిగిస్తాయి. వాటికి చక్కెర అక్కర్లేదు, గాలీ రాయీ చాలు. బూజుకు అలా కుదరదు, దానికి చక్కెర పెట్టి పోషించాలి. అది కరిగించేది సిట్రిక్, ఆక్సాలిక్, గ్లూకోనిక్ ఆమ్లాలతో. కాబట్టి సల్ఫైడ్ ఖనిజాల్లో బూజు బ్యాక్టీరియాతో పోటీపడలేదు.

గంధకం లేని చోట బూజుకు అవకాశం ఉంది, ఉదాహరణకు ఈ-వేస్ట్. 2001లో స్విట్జర్లాండ్‌లో హెల్మట్ బ్రాండల్ బృందం కంప్యూటర్ చెత్త పొడి మీద ఆస్పర్‌జిల్లస్ నైజర్‌ను, పెనిసిలియం సింప్లిసిస్సిమంను ప్రయోగించింది. రాగి, తగరం 65 శాతం, అల్యూమినియం, నికెల్, సీసం, జింక్ 95 శాతానికి పైగా కరిగి వచ్చాయి. పొడి ఎక్కువైతే అందులోని విషాలకు బూజు తట్టుకోలేదు. కాబట్టి ముందు బూజును విడిగా పెంచి, ఆమ్లాలు తయారయ్యాక పొడిని కలపడం మేలని వాళ్లే తేల్చారు. అంకెలు బాగున్నాయి. కానీ పనిచేసింది బూజు చేసిన ఆమ్లమే అయినప్పుడు, అదే ఆమ్లాన్ని బస్తాల్లో కొని పోస్తే చౌకా కాదా అన్న ప్రశ్న తప్పదు. పాడైపోయిన పండ్లు, మొలాసిస్ లాంటి చౌక చక్కెర దగ్గరే దొరికే చోట బూజుకు గెలుపు అవకాశం ఉంటుందని నా అంచనా. మంచి చక్కెర కొని పెట్టి లోహం తీయాలంటే లెక్క తేలడం కష్టం.

మరి ఆ గనుల్లోని అసలైన ఆమ్లప్రియులకు పనేమీ లేదా? వాటిని నేరుగా ట్యాంకులో పెంచి లాభం లేదు. నిదానంగా పెరుగుతాయి, పైగా పీహెచ్ 1 దగ్గర నడిచే ట్యాంకుకు, పైపులకు, వాల్వులకు అయ్యే ఖర్చు సరుకు ధరను మింగేస్తుంది. పరిశోధకులు వాటి నుంచి అడుగుతున్నది ఎంజైములు. స్కైటాలిడియం అసిడోఫిలం అనే ఆమ్లప్రియ బూజులో ఎక్స్‌వైఎల్1 అనే జైలనేజ్ ఉంది. మొక్కల గోడల్లోని జైలాన్‌ను తెంపే ఎంజైము ఇది. పీహెచ్ 3.2 దగ్గర, 56 డిగ్రీల వేడిలో బాగా పనిచేస్తుంది. వరిగడ్డి, చెరకు పిప్పి లాంటివాటి నుంచి ఇథనాల్ తీయాలంటే ముందు పల్చటి యాసిడ్‌తో ఉడకబెట్టడం ఒక పద్ధతి. ఆ తర్వాత మామూలు ఎంజైములు వేయాలంటే పీహెచ్‌ను మళ్లీ పైకి తేవాలి, అంటే మళ్లీ సున్నమో, కాస్టిక్ సోడానో. పులుపులోనే పనిచేసే ఎంజైము ఉంటే ఆ మెట్టులో కొంతైనా తగ్గుతుంది. ఇలాంటి ఎంజైము జన్యువును వేగంగా పెరిగే మామూలు బూజులోకి, ఈస్ట్‌లోకి చేర్చి ఎంజైమును తీసే పద్ధతి ఇప్పటికే చేతిలో ఉంది. ఇక తేలాల్సింది ఖరీదే. ఎంజైము ఖర్చు ఆదా అయ్యే సున్నం ఖర్చు కంటే తక్కువ ఉంటే ఆ బూజు జన్యువు ఫ్యాక్టరీకి వస్తుంది, లేదంటే ప్రయోగశాల ఫ్రీజర్‌లోనే ఉంటుంది.